ఇంటివాళ్ల సంతకం

సిస్టర్ జ్ఞానరత్నం నాలుగింటికి వస్తానని ఫోన్ చేసింది. అప్పటికే రెండున్నర అయింది. ఫారం మాత్రం టీవీ పక్కనే ఉంది, పదకొండు రోజులుగా పెట్టినచోటే.

జెన్నిఫర్ తన వంతు అంతా నింపేసింది. పేరు, జ్ఞానస్నానం తీసుకున్న తేదీ, దూరాన కొండల్లో ఉన్న కన్యాస్త్రీల మఠంలో ఎందుకు చేరాలనుకుంటున్నదీ, అన్నీ గుండ్రటి అక్షరాలతో రాసింది. మిగిలింది ఆఖరి పేజీ ఒక్కటే. ఇంటివాళ్ల సమ్మతి. అక్కడ సంతకం పెట్టాల్సింది సూసన్న.

సూసన్న పెట్టలేదు.

ఓల్డ్ సెటిల్‌మెంట్‌ కాలనీలోని ఆ రైల్వే క్వార్టర్లో ఉండేది వాళ్లిద్దరే. వర్క్‌షాపులో పనిచేసే ఎర్రయ్య ఆరేళ్ల కిందట గుండెపోటుతో పోయాడు. ఆ ఉద్యోగం సూసన్నకిచ్చారు. అప్పటినుంచీ ఇంటికి పెద్దదిక్కు ఆమే. పొద్దున్నే సైకిలెక్కి వర్క్‌షాపుకు వెళ్లడం, సాయంత్రం ఖరిదా బజారులో కూరలు కొనుక్కుని రావడం, ఆదివారం వస్తే జెన్నిఫర్ తలకు నూనె పెట్టి జడ వెయ్యడం. ఇద్దరికీ రోజులు అలా గడిచిపోతాయనే అనుకుంది.

ఫారం వచ్చిన రోజున పెద్ద గొడవే అయింది.

"ఇక్కడ నీకేటి తక్కువైంది?" అని అడిగింది సూసన్న.

"ఏదీ తక్కువవలేదమ్మా. అక్కడ నాతో పనుంది," అంది జెన్నిఫర్.

అంటే ఇక్కడ పని లేదనే కదా! ఆ మాటకి సూసన్న రెండు రోజులు సరిగా అన్నం తినలేదు.

నిజానికి జెన్నిఫర్‌కిది కొత్తగా పుట్టిన కోరిక కాదు. దిక్కులేని రోగులకు సేవ చేసే సిస్టర్లు ఒకసారి చర్చికి వచ్చారు. పన్నెండేళ్ల వయసులో వాళ్లను చూసింది. ఆనాటినుంచీ అదే మాట. ఇంట్లో ఎవరూ వినిపించుకోలేదు. చిన్నపిల్ల ముచ్చట అనుకున్నారు.

పక్కింటి మీనాకుమారి ఒక ఉపాయం చెప్పింది. "ఎందుకంత దిగులు సూసన్నా? ముందు ఈ ఇంట్లో ఒక పెళ్లి అయిపోనీ. ఏడాది తిరిగేసరికి ఓ పసిగుడ్డు చేతిలో ఉంటే, జెన్నిఫర్ గుమ్మం దాటుతాదేటి?"

సూసన్నకు ఒళ్లు మండింది. మనిషిని కట్టెయ్యడానికా పెళ్లి? కానీ తను చేసిన పని మాత్రం ఏమంత గొప్పది? వారం కిందట జెన్నిఫర్‌కి తెలియకుండా సిస్టర్‌కి ఫోన్ చేసి, మనిషికి మూర్ఛ ఉందని చెప్పింది.

జెన్నిఫర్‌కి మూర్ఛ లేదు. ఏ జబ్బూ లేదు.

నాలుగు కాకముందే గుమ్మం ముందు టోటో రిక్షా ఆగింది. సిస్టర్ జ్ఞానరత్నం అరవై దాటిన మనిషి, గుంటూరు వైపు ఆవిడ. మంచినీళ్లు తాగి, నేరుగా విషయానికి వచ్చింది.

"డాక్టరు రిపోర్టులన్నీ బాగున్నాయి. వయసు అడ్డమొస్తుందేమో అనుకున్నాం, మా మదర్ దానికీ ఒప్పుకున్నారు. కానీ మీరు ఫోన్లో మూర్ఛ అన్నారు. అదే నాకు అర్థం కావట్లేదు."

టీ గ్లాసులతో వస్తున్న జెన్నిఫర్ వంటింటి గుమ్మంలోనే ఆగిపోయింది. "మూర్ఛా? నాకా?"

సూసన్న తలెత్తలేదు. "అబద్ధం సెప్పినాను సిస్టర్. అలాగైతే మీరే ఒద్దంటారని సెప్పినాను."

స్టేషను వైపు గూడ్సు బండి ఒకటి పోతూనే ఉంది. జెన్నిఫర్ గ్లాసులు బల్ల మీద పెట్టింది. ఇప్పుడు తిడుతుందనుకుంది సూసన్న. తిట్టలేదు. దగ్గరకొచ్చి కూర్చుని చెయ్యి పట్టుకుంది.

"నామీద బెంగతో అబద్ధం దాకా ఎల్లినావా అమ్మా? నువ్వు ఒద్దంటే నేను ఎల్లనే. సిస్టరు ముందరే సెప్తన్నాను. ఇంక అడగను."

సూసన్న ఆ ముఖంలోకి చూసింది. కోపం లేదు. ప్రతిసారీ ఎవరికోసమో సర్దుకుపోయిన ముఖం అది. ఇప్పుడూ సర్దుకుపోతోంది.

"ఒకటి అడుగుతాను, నిజం సెప్పు. నేను జొరమొచ్చి పడుంటే వస్తావా?"

జెన్నిఫర్ సిస్టర్ వైపు చూసింది.

"మొదటి రెండేళ్లు ఇంటికి పంపించం," అంది సిస్టర్ మెల్లగా.

"రాలేనమ్మా," అంది జెన్నిఫర్. "ఏడుస్తాను. ప్రార్థన చేసుకుంటాను. కానీ రాలేను."

వస్తానని ఒక్క అబద్ధం చెప్పి ఉంటే సంతకం సులువుగా దొరికేది. చెప్పలేదు. సూసన్నకు సిగ్గేసింది. ఇన్ని రోజులూ తను ఆలోచించింది, ఈ ఇంట్లో ఇకమీదట ఒక్కతే కూర్చుని తినబోయే అన్నం గురించే. అక్కడ జెన్నిఫర్ ఏం తింటుంది, ఎక్కడ పడుకుంటుంది, సంతోషంగా ఉంటుందా అని ఒక్కసారైనా అడగలేదు.

"అక్కడ సలి ఎక్కువంట. శాలువా మరిసిపోకు," అంది ఎటో చూస్తూ. తర్వాత లేచి ఫారం తెచ్చింది. "ఠీక్ హై సిస్టర్. పెన్నివ్వండి."

పేరు సగంలో ఉండగా ఒకసారి పెన్ను ఆపింది. అయినా పూర్తిచేసింది. సిస్టర్ ఆ పేజీ చూసి, సంతకం కింద వేలు పెట్టింది. "ఇదొక్కటీ మిగిలింది."

అభ్యర్థికి మీరేమవుతారని అక్కడ అడిగారు.

సూసన్న కొంగుతో కళ్లు తుడుచుకుని, తల్లి వైపు ఒకసారి చూసి, 'కూతురిని' అని రాసింది.