తలుపు ముందు గీతలు

తెల్లారేసరికి టీసీగారి గుమ్మం ముందు మళ్ళీ సుద్దగీతలు వెలిశాయి.

అడుక్కొకటి చొప్పున, గుమ్మం నుంచి లిఫ్టు దాకా.

"ఏమేవ్, చూశావా? దొంగలు ఇలాగే గుర్తులు పెట్టుకుంటారు!"

"మనింట్లో ఏముందండీ ఎత్తుకుపోవడానికి, మీ నొప్పి మాత్రలు తప్ప?" అంది భార్య.

ముప్పై రెండేళ్ళు రైళ్ళలో టికెట్లు తనిఖీ చేసిన మనిషాయన. టికెట్ లేనివాణ్ణి మొహం చూసే పట్టేసేవారు. రిటైరయ్యాక ఆయన ఒంటిని రెండు జబ్బులు వాటాలేసుకున్నాయి.

"కుడికాలు సయాటికాది, ఎడంచెయ్యి పార్కిన్సన్‌ది. నాకు నోరొక్కటే మిగిలింది," అనేవారు.

నడుము నుంచి మడమ దాకా నరం జివ్వున లాగేది. చెయ్యి దానిమానాన అది వణికేది. వాటికి ఎలాగో అలవాటుపడ్డారు. లిఫ్టు దగ్గరకొచ్చేసరికి పాదాలు నేలకి అతుక్కుపోతాయే, దానికే హడలిపోయేవారు. అక్కడ రెండుసార్లు పడ్డారు. మూడోసారి పడితే ఇక చక్రాల కుర్చీయేనని డాక్టరు తేల్చి చెప్పేశాడు.

మర్నాడు వేకువనే తలుపు కన్నంలోంచి చూశారు.

చివరి ఫ్లాటులో కొత్తగా దిగిన మనిషి! సుద్దముక్క పట్టుకుని తన గుమ్మం ముందు చతికిలబడి ఉన్నాడు. పావుగంటయినా లేవడే!

టీసీగారు భళ్ళున తలుపు తీశారు. "ఏం చేస్తున్నావ్ ఇక్కడ?"

అతను రెప్ప వెయ్యలేదు. నవ్వలేదు. పెదాలు కదిలాయి గానీ మాట వినబడలేదు.

"గొణుగుతావేం? దొంగమొహం నాకు తెలీదా?"

ఆ ఊపులోనే గీతలు దాటుకుంటూ ఆ ఫ్లాటు ఓనరు ఇంటికి బయల్దేరారు.

"అదేంటీ, ఇవాళ లిఫ్టు దగ్గర ఆగిపోలేదే!" అంది భార్య వెనకాలే వస్తూ.

"కోపం నడిపిస్తోంది. పద!"

ఓనరు నసిగాడు. "ఆయన ఎవరి జోలికీ పోడండీ."

"పలకరిస్తే నవ్వనివాణ్ణి నమ్మకూడదు. ఖాళీ చేయిస్తావా, పోలీసులకి చెప్పమంటావా?"

వారం తిరక్కుండా అతని సామాను వ్యానెక్కింది. వెళ్తూ వెళ్తూ తలెత్తి టీసీగారి బాల్కనీ వైపు అలాగే, రెప్ప వెయ్యకుండా చూశాడు.

"చూడు, ఎలా మింగేసేలా చూస్తున్నాడో! పీడ వదిలింది."

కర్ర కొనకి తడిగుడ్డ చుట్టి, నరం లాగుతున్నా పళ్ళు బిగబట్టి, గీతలన్నీ తుడిచేశారు.

రెండోనాడు లిఫ్టు ముందు పాదాలు అతుక్కుపోయాయి. దబ్బున పడ్డారు.

ఎముక విరగలేదు గానీ, ఇంటికి చక్రాల కుర్చీ వచ్చింది. దాన్ని చూసి టీసీగారు చిన్నపిల్లాడిలా ఏడ్చారు.

ఆసుపత్రి నుంచి నడక నేర్పే అమ్మాయి కూడా వచ్చింది. వస్తూనే సంచిలోంచి తెల్లటేపు తీసి, అడుక్కో ముక్క చొప్పున నేల మీద అంటించసాగింది.

టీసీగారు కుర్చీలోంచి ముందుకి వంగారు. "ఏంటమ్మా అది?"

"పాదాలు అతుక్కుపోయినప్పుడు ఎదురుగా గీత కనబడితే, దాన్ని దాటడానికి కాలు లేస్తుంది బాబాయిగారూ. ఈ జబ్బులో చాలామందికి పనిచేస్తుంది. కుర్చీ సంగతి తర్వాత, ముందు ఇది చూద్దాం."

భార్యాభర్తలు మొహమొహాలు చూసుకున్నారు.

"చివరి ఫ్లాటులో ఉండే ఒకాయన ఇలాగే గీసేవాడమ్మా," అంది భార్య. "సుద్దముక్కతో."

"ఈ అంతస్తులోనేనా? రెప్ప వెయ్యకుండా చూస్తారు, ఆయనేనా?" ఆ అమ్మాయి చటుక్కున లేచింది. "ఆయన ఎక్కడున్నారో చెప్పండి ముందు! పది రోజులుగా మా దగ్గరికి రావడం లేదు, ఫోనూ కలవడం లేదు."

టీసీగారు సిగ్గుతో తల దించుకున్నారు. "ఎక్కడికెళ్ళారో తెలీదమ్మా. డాక్టరా ఆయన?"

"అయ్యో, కాదండీ. కింద కూర్చుంటే లేవడానికే పావుగంట పట్టే మనిషి. పదేళ్ళ నుంచీ మీ జబ్బే ఆయనదీ, కాకపోతే చెయ్యి వణకదు, మొహమూ గొంతూ బిగుసుకుపోయి నవ్వూ మాటా పైకి రావంతే."