వాగు వైపు కంచె

పెద్దాయన జీపు దిగగానే బూటు బురదలో కూరుకుపోయింది. కాలు పైకి లాగితే కాలొచ్చింది, బూటు రాలేదు. వంగి చేత్తో బూటు లాక్కున్నాడు. వేళ్లకంటిన బురదను వాసన చూశాడు.

"ఛీ," అన్నాడు.

సైటింజనీరు గొడుగు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"రాత్రంతా ఒకటే వాన సార్. ముందు షెడ్డులో కూర్చుందాం రండి."

"కూర్చోడానికి రాలేదు. నీళ్లు ఎటు పోతున్నాయో చూపించు."

అక్కడ కడుతున్నది ఊరి మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు. కొండవాలు తవ్వి ట్యాంకులకు గోతులు తీశారు. తవ్విన మట్టిని వాలు మీదే పోశారు. వాలు కింద వాగు ఉంది. వాగు వెంట కాస్త దిగువన, ఊరికి తాగునీళ్లు తోడే పంప్‌హౌస్ ఉంది. మొదటి వానకే అక్కడి ఫిల్టర్లు మట్టితో పూడుకుపోయాయి. కుళాయిల్లో ఎర్రనీళ్లు వచ్చాయి. జనం ఫిర్యాదు చేశారు. తనిఖీలో తప్పు తేలితే పని ఆగిపోతుంది. పని ఆగితే ముందు ఊడేది తన ఉద్యోగమేనని ఇంజనీరుకు తెలుసు.

రోడ్డు పక్కన, గేటు నుంచి షెడ్డు దాకా నల్లగుడ్డ కంచె నిలబడి ఉంది. వాననీటితో కొట్టుకొచ్చే మట్టిని ఆపడానికి కట్టే కంచె అది. గుడ్డ మీద బురద చుక్క లేదు.

"ఇది ఇక్కడెందుకు కట్టారు?"

"రూలు ప్రకారం సార్."

"నీళ్లు పల్లానికి పారతాయా, మిట్టకు ఎక్కుతాయా?"

పక్కన నడుస్తున్న మేస్త్రీ ఉండబట్టలేకపోయాడు.

"మరి జీపులొచ్చేది ఇటు నుంచే కదండీ."

"నువ్వు నోర్ముయ్యి," అన్నాడు ఇంజనీరు.

"చెప్పనీవయ్యా. సైటు మొత్తానికి నిజం చెప్పే నోరు అదొక్కటే ఉన్నట్టుంది."

వాగు వైపు దిగారు. అక్కడా కర్రలు ఉన్నాయి, గుడ్డ ఉంది. రెండూ ఒకచోట లేవు. కర్రలు గట్టు మీద వరసగా నిలబడి ఉన్నాయి. గుడ్డ కూలీల గుడిసెల మీద కప్పుగా ఉంది.

"వానకు తడుస్తున్నామన్నారండీ," అన్నాడు మేస్త్రీ. "పోనీ అక్కడైనా పనికొస్తోంది."

చివర ఒక ముక్క మాత్రం కర్రలకు మిగిలింది. పెద్దాయన బూటు కొనతో దాని అంచు ఎత్తాడు. అంచును మట్టిలో పాతలేదు. దాని కింద నుంచి నీళ్లు దర్జాగా పోతున్నాయి.

"ఇల్లు కట్టకుండా తలుపు బిగించినట్టుంది," అన్నాడు.

తర్వాత గుంట దగ్గరికి వెళ్లారు. సైటులో నీళ్లన్నీ అందులో చేరాలి. మట్టి అడుక్కి దిగాలి. పైన తేరిన నీళ్లే వాగులోకి వెళ్లాలి. గుంట అంచుల దాకా బురదే ఉంది. బురద మీద సిమెంటు సంచులు, ఒంటి చెప్పు, ఒక కుక్క శవం ఉన్నాయి. పెద్దాయన ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"పూడిక ఎప్పుడు తీశారు?"

"వారం వారం తీయిస్తున్నాం సార్."

"కుక్క ఉబ్బి, పగిలి, ఎండి, మళ్లీ నానింది. దాన్ని చూసైనా అబద్ధం కాస్త తగ్గించి చెప్పాల్సింది."

మేస్త్రీ నవ్వబోయి దగ్గాడు.

గుంట ఒడ్డున మోకాలెత్తు గడ్డి ఉంది. అందులో ఒక చార మాత్రం వాగు వైపు వాలిపోయి ఉంది. పెద్దాయన ఆ చార వెంట నడిచాడు. ఇంజనీరు ఆగిపోయాడు. గట్టు దగ్గర టార్పాలిన్ ఒకటి పరిచి ఉంది. పెద్దాయన దాన్ని కాలితో పక్కకు నెట్టాడు.

కింద పైపు ఉంది. పైపు నోట్లోంచి బురదనీళ్లు వాగులో పడుతున్నాయి.

"గోతుల్లో నీళ్లకు మోటారు పెట్టి సరాసరి ఇందులోకి తోడేస్తున్నారన్నమాట."

"గోతుల్లో నీళ్లుంటే కాంక్రీటు ఎలా పొయ్యాలి సార్?"

"అందుకని ఊరి చేత తాగిస్తారా? మురుగు కడిగే ప్లాంటు కడుతూ మంచినీళ్ల కుండలో కాళ్లు కడుగుతారా?"

ఆయన పక్కకు తిరిగి ఉమ్మేశాడు.

"నా సర్వీసులో దొంగల్ని చూశాను. సోమరుల్ని చూశాను. రెండూ ఒకే మనిషిలో చూడడం ఇదే మొదలు."

ఇంజనీరు మొహం మాడిపోయింది. "పని ఆగితే నన్ను ఇంటికి పంపేస్తారు సార్."

"పంపాలి. ఎప్పుడో పంపాల్సింది."

పైపు చప్పుడొక్కటే వినిపిస్తోంది. పెద్దాయన చేతులు కడుక్కోడానికి వాగులోకి వంగాడు. నీళ్ల రంగు చూసి ఆగాడు. రుమాలుతోనే వేళ్లు తుడుచుకుని, ఆ రుమాలును వాగులో పారేశాడు.

"ఇప్పుడు మమ్మల్ని ఏం చెయ్యమంటారు సార్?" అని అడిగాడు ఇంజనీరు.

"రిటైరైన నన్ను మీ కంట్రాక్టరు పిలిపించింది ఇందుకే. చీకటి పడేలోపు ఈ పైపు మీద మట్టి కప్పి పచ్చగడ్డి పరిచెయ్యండి; రేపు తనిఖీకి వచ్చే ఆఫీసరు మా అమ్మాయి, ఏ సైటులో ఏది ఎక్కడ దాస్తారో దానికి నేర్పింది నేనే."