మూడో అధ్యాయం నుంచి

“పెండ్లిపిల్ల మూడో అధ్యాయంల వచ్చింది. అందాక పందిరి గుంజలు చూసుకుంట కూసోవాల్నా బిడ్డా?”

సింధూరకు ఒళ్లు మండింది.

పెళ్లిపీటల మీంచి లేచి వచ్చేసిన ఓ అమ్మాయి కథను నవలగా రాసింది తను. ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గరి డీటీపీ సెంటర్లో ప్రింటు తీయించుకుని, బెంచీ మీద కూర్చుని దిద్దుకుంటోంది. పక్కనున్న పెద్దాయన అడిగి మరీ చదివాడు. చదివితే చదివాడు, తీర్పు ఎవరడిగారు?

“మొదటి రెండు అధ్యాయాలూ ఊరి గురించండీ. నా నవలకి అదే పునాది!”

“పునాది మట్టిల ఉండాలె. పైకి కనవడొద్దు.”

సింధూర విసురుగా పేజీలు లాక్కుంది. లాక్కుని, మూడో అధ్యాయం నుంచి చదివి చూసింది.

కథ పరుగెత్తింది.

నిజమే, ఖర్మ!

కానీ వారపత్రిక నవలల పోటీకి ఆ సాయంత్రమే గడువు. రెండు అధ్యాయాలు తీసేస్తే, వాటిలోని ముఖ్యమైన ముక్కలు వెనకెక్కడో అతకాలి. టైపు చేసే వైశాలి ఒక్కతే. తర్వాతి వంతు ఈ పెద్దాయనది.

“మీదేమైనా అర్జంటాండీ?”

ఆయన తన కాగితాలు సంచిలో పెట్టేశాడు.

“నాదేమున్నది, రేపైనా నడుస్తది. నీ పెండ్లిపిల్లకు మస్తు ధైర్యమున్నది బిడ్డా. దాన్ని జల్ది బయటికి తీస్కరా.”

“తాతా, జర ఆలోచించు...” అంది వైశాలి.

“నువ్వైతే టైపు కొట్టు!”

సింధూర చెబుతుంటే వైశాలి కొట్టింది. ఎక్కడ తడబడితే అక్కడ ఆయనే మాట అందించాడు. గడువు ముగిసేలోగా నవల మెయిల్లో వెళ్లిపోయింది. ఆ సంబరంలో ఆయన పేరైనా అడగలేదు మహాతల్లి.

మొదటి బహుమతి వచ్చింది. నవల ఎత్తుగడ అద్భుతమని న్యాయనిర్ణేతలు ప్రత్యేకంగా మెచ్చుకున్నారు.

సింధూర పత్రిక పట్టుకుని డీటీపీ సెంటర్‌కి పరుగెత్తింది.

“ఆ పెద్దాయనెవరు వైశాలీ? కాళ్లకి దండం పెట్టాలి. అంత తెలిసినాయన, తనూ ఓ నవల రాసి ఈ పోటీకి పంపి ఉంటే ఎంత బాగుండేది!”

వైశాలి కీబోర్డు మీంచి చేతులు తీసింది.

“రాసిండక్కా. సాయన్న తాతది గూడ గదే పోటీకి. ఆ దినం ఆఖరి అధ్యాయం ఒక్కటే టైపు గావాల్సుండె.”