రెక్కల్లేని ఫ్యాన్

"చూడు, రెక్కలే లేవు!" భర్త కొత్త ఫ్యాన్ మీట నొక్కి, ఖాళీగా ఉన్న గుండ్రటి చట్రంలోంచి చెయ్యి అటూ ఇటూ పోనిచ్చాడు. "పీల్చినదానికి పదిహేను రెట్ల గాలి వదులుతుందట."

కుట్టుమిషన్ ముందు చెమటతో తడిసిపోయి కూర్చున్న భార్య నమ్మలేదు. దారప్పోగు తెంపి చట్రం ముందు పట్టుకుంది. పోగు ఎగిరింది.

"మిగతా పద్నాలుగు రెట్లూ ఎక్కణ్ణుంచి వస్తాయండీ? గాలి పిల్లల్ని పెడుతుందా?"

"చుట్టూ ఉన్న గాలినే కలుపుకుంటుంది."

"అంటే ఈ గదిలోని వేడిగాలే కదా, గుండ్రంగా తిరిగేది! ఆ కిటికీ తీస్తే పోయేదిగా?"

ఎదురు మేడవాళ్ళు చూస్తున్నారని నిరుడు ఆ కిటికీకి మేకులు కొట్టింది అతనే.

"మళ్ళీ మొదలెట్టావా? నీ సుఖం కోసమేగా ఇంత పోసి కొన్నాను!"

ఆమె వంగి, ఫ్యాన్ అడుగున ఉన్న సన్నటి రంధ్రాల్లోంచి తొంగి చూసింది. లోపల ఏదో గిర్రున తిరుగుతోంది.

"రెక్కలున్నాయండీ," అంది లేస్తూ. "కనబడకుండా లోపల పెట్టి మూసేశారు, అంతే."

ఫ్యాన్ గురించి అంటోందనుకుని అతను నవ్వబోయాడు.

ఆమె చూస్తున్నది కిటికీ మేకుల్ని.