ఎగువన తోళ్ళ గుంతలు

“ఈ నీళ్ళు తాగేకి తీసుకుపోతాండారామ్మా?”

వాగు ఇసుకలో తీసిన చెలమ నుంచి నీళ్ళు తోడుకుంటున్న సలోమి తలెత్తి చూసింది. మాసిన పంచెలో ఒక నడివయసు మనిషి గట్టు మీద నిలబడి ఉన్నాడు.

అది ఎమర్జెన్సీ ఎత్తేసిన డెబ్బై ఏడో సంవత్సరం. ఆళ్ళగడ్డ చుట్టుపక్కల కొత్త మనిషి కనబడితే కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు మగవాళ్ళను పట్టుకుపోతాడేమోనన్న భయం ఇంకా పోలేదు.

“మా ఆయన ఊర్లో లేడు,” అంది ముందుజాగ్రత్తగా.

ఆయన నవ్వాడు. “ఆ పని మీద రాలేదు తల్లీ. నీళ్ళ సంగతి కనుక్కుందామని వచ్చినా.”

“అది సర్పంచినడుగు.”

“బిందె మోసేది సర్పంచా?”

సలోమికి నవ్వొచ్చింది. గట్టున కూర్చోబెట్టిన బిడ్డ ఒంటి మీది పుండ్లు చూపించింది.

“ఈ నీళ్ళు పోస్తే ఇట్లయితాంది. తాగితే కడుపునొప్పి. ఇంక యాడికి పోతామన్నా?”

ఆయన ఆ పుండ్ల వైపు చాలాసేపు చూశాడు.

ఆదివారం ప్రార్థన అయ్యాక ఆయన చర్చి ముందర ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టాడు. నంద్యాల నుంచి వచ్చిన ఆఫీసరని అందరూ అనుకున్నారు. బండ మీద బొగ్గుతో వాగు గీసి, గుప్పెడు చింతగింజలు సలోమి చేతిలో పోశాడు.

“ఎవరు యాడ ఏం చేస్తాండారో గింజ పెట్టండి.”

గొడవ మొదలైంది. బర్రెలు కడిగేది మీరంటే, గుడ్డలు ఉతికేది మీరని. గంటసేపు అరుచుకున్నాక గింజలు చూస్తే, అన్నీ చెలమకు పైనే ఉన్నాయి.

వాళ్ళే తేల్చుకున్నారు. తాగే నీళ్ళు పైన. స్నానాలు, గుడ్డలు దాని కింద. బర్రెలు అన్నిటికన్నా కింద.

వాళ్ళలో మారెమ్మ మాత్రం ఒప్పుకోలేదు. “దండగ పని. మూడు మైళ్ళ పైన తోళ్ళు ఊరేసే గుంతలుండాయి. ఆ సున్నం నీళ్ళు వాగులోకి ఇడుస్తాండాడు వాడెవడో. వాని చేతులు పడిపోను.”

తలా ఒక శాపం పెట్టారు. అతని ముఖం ఎవరూ చూసి ఎరుగరు.

ఆయన చివరిదాకా విన్నాడు. ఒక గింజ తీసుకొని బొగ్గు గీత పై కొసన తానే పెట్టాడు.

“అది నాకిడిసిపెట్టండి. మీది మీరు చేయండి.”

ఆయనకు కడుపునిండా అన్నం పెట్టి పంపి, అట్లే చేశారు. బర్రెలు కాసే పాపయ్య వాటి కోసం కింద రేవు చదును చేశాడు. వానలు వెళ్ళేసరికి వాగు తేటపడింది. సలోమి బిడ్డ ఒళ్ళు నున్నబడింది. ఆఫీసరు మళ్ళీ రాలేదు.

“ఆఫీసరు చెప్తే గుంతలాయన విన్నాడు చూడు. తిట్టిన నోటితోనే ఒక మంచిమాట చెప్పొద్దాం రా,” అంది మారెమ్మ.

ఇద్దరూ సెనక్కాయలు మూట కట్టుకొని వాగు వెంబడి నడిచారు.

గుంతలన్నీ మట్టితో పూడ్చి ఉన్నాయి. పక్కన గుడిసె ముందర ఒకామె కూర్చుని ఉంది. పేరు హన్నమ్మ అంది.

“మీ ఆయన లేడా అక్కా?”

“నంద్యాలకు కూలికి పోయినాడు. ఆడ్నే జొరమొచ్చి, పోయిన నెల కన్నుమూసినాడు.”

సలోమి సెనక్కాయల మూట ఆమె ముందర పెట్టింది. “మా ఊరికొచ్చిన ఆఫీసరు చెప్పినాడనేనా గుంతలు పూడ్చింది?”

“ఈడికి ఏ ఆఫీసరూ రాలేదమ్మా,” అంది హన్నమ్మ. “కింద ఊర్లో పిల్లోళ్ళకు పుండ్లని సంతలో విని, నిజమో కాదో చూసొస్తానని మా ఆయనే మీ ఊరికి పోయినాడు. ఆ ఆదివారం తిరిగొచ్చి, ‘తిట్టినోళ్ళే కడుపునిండా అన్నం పెట్టి పంపినారే’ అని నవ్వి పార తీసుకున్నాడు.”