మస్కట్ చుక్క

"ఫోన్ల మాట్లాడనిదే చుక్క పెట్టరాదవ్వా," అని శోభారాణి ట్యాబ్ మూసేసింది.

సత్తమ్మ వదల్లేదు. "ఫోన్ వద్దన్ననా బిడ్డా? జర ఆగి చెయ్యమన్న. పొద్దు వాలనియ్యి."

పొద్దు వాలేదాకా కూర్చునే ఓపిక శోభారాణికి లేదు. పొద్దున్నే రేగొండలో బస్సెక్కి వచ్చి, ఎండలో ఊరంతా తిరిగేసరికి కాళ్లు పీక్కుపోతున్నాయి. ఏ ఊరివాళ్లు ఏ దేశాలకు వలసపోయారో లెక్క తీసి, హైదరాబాదులో ఒక సంస్థ పటం గీయిస్తోంది. ఇల్లిల్లూ తిరిగి ఆ లెక్క రాయడమే ఆమె పని. పేరెక్కిస్తే చాలు, ట్యాబ్‌లోని పటం మీద మనిషి ఉన్న దేశంలో ఎర్రచుక్క పడుతుంది. అక్కణ్నుంచి సముద్రం మీదుగా ఊరిదాకా ఒక గీత వచ్చేస్తుంది. జనానికి అదో వింతైపోయింది. ఏ ఇంటికి పోయినా మావోడేడి, మావోడేడి అని ట్యాబ్ మీద పడిపోవడమే.

అంతవరకైతే బాగానే ఉండేది. గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు సర్కారు ఏదో ఇస్తుందని ఎవడో పుకారు పుట్టించాడు. దాంతో ఏనాడూ ఊరి పొలిమేర దాటనివాళ్లు కూడా దుబాయ్‌లో తేలారు. పై సారు శోభారాణికి గడ్డి పెట్టాడు. ఇకమీదట ఆ మనిషి గొంతు ఫోన్లో విన్నాకే చుక్క పెట్టాలన్నాడు. ఇంకొక్క దొంగచుక్క పడిందంటే ఇంట్లో కూర్చోవచ్చని కూడా అన్నాడు.

అసలు గుండె తరుక్కుపోయేది వేరేవాళ్లను చూస్తే. పొద్దున ఒక ఇంట్లో మనిషి తలెత్తకుండానే తన కథ చెప్పాడు. ముంబై దాకా తీసుకుపోయి ఏజెంటు మాయమయ్యాడట. ఉత్తచేతులతో తిరిగొచ్చాడు. ఇతనికి చుక్క ఎక్కడ పెట్టాలని సారునడిగితే, సముద్రం దాటనివాడు మన లెక్కలోకి రాడు పొమ్మన్నాడు.

ఇప్పుడీ సత్తమ్మ. కొడుకు పేరు శ్రీశైలమట, మస్కట్‌లో డ్రైవరట, పోయి ఏడాది దాటిందట. అన్నీ గడగడా చెప్పింది. ఫోన్ అనేసరికి మాత్రం నీళ్లు నములుతోంది.

"ఇప్పుడెందుకు వద్దవ్వా?"

"డ్యూటీల ఉంటడు."

మస్కట్‌లో అది అన్నాలు తినే వేళని శోభారాణికి తెలుసు. ఈ పనిలో పడ్డాక గల్ఫ్ గడియారాలన్నీ ఆమెకు కంఠతా వచ్చేశాయి. ఇదీ దొంగచుక్కే అనుకుని లేవబోయింది.

సత్తమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "వాడకట్టోళ్ల పిల్లలందరికి చుక్కలు పెట్టినవ్. నా కొడుక్కే లేకుంటె రేపు ఊళ్లె ఏమంటరు బిడ్డా? సత్తమ్మ కొడుకు యాడికి పోయిండని అడగరా? చాయ్ పెడ్త, తాగు. అంతల యాళ్లయితది."

చాయ్ తాగితే బస్సు పోతుంది. శోభారాణి ఇక మొహమాట పడలేదు. గోడగూట్లో ఉన్న సత్తమ్మ ఫోన్ తీసుకుంది. ఊరవతల ఓపెన్‌కాస్ట్ గనిలో రోజూ పేల్చే మందుకు ఆ గోడ పైనుంచి కిందిదాకా నెర్రెలిచ్చి ఉంది. వాట్సాప్‌లో కొడుకు పేరు మీద నొక్కి స్పీకర్ పెట్టింది. సత్తమ్మ వద్దనలేదు గానీ, ముఖం మాత్రం చిన్నబోయింది.

రెండు మోతలకే ఎత్తాడు. "అవ్వా, గీ యాళ్ల చేసినవేందే? పానం మంచిగున్నదా?"

శోభారాణి ఊపిరి పీల్చుకుంది. మనిషి ఉన్నాడు. తానెవరో చెప్పి అడగాల్సినవన్నీ అడిగింది. ఎక్కడా తడుముకోకుండా చెప్పాడు. కంపెనీ రూములో నలుగురు ఉంటున్నారట, చుట్టూ ఇసుకేనట, ఎండలు దంచుతున్నాయట. ఆఖర్న, అవ్వ బీపీ గోళీలు వేసుకుంటోందో లేదో జర చూడమని బతిమాలాడు. ఇలాంటి పిల్లవాణ్ని అనుమానించినందుకు ఆమెకు తన మీద తనకే చిరాకేసింది. ట్యాబ్ తెరిచి, మస్కట్ మీద చుక్క పెట్టడానికి వేలు ఎత్తింది.

అంతలో గని సైరన్ కూసింది.

బయటి నుంచి సన్నగా వినిపించింది. చేతిలోని ఫోన్‌లోంచి అంతకంటే గట్టిగా వినిపించింది.

శ్రీశైలం గొంతు తడబడింది. "ఇక్కడ కంపెనీల సైరన్ మేడం. రోజు గిట్లనే..."

మాట పూర్తి కాలేదు. ఫోన్‌లో ధన్‌మని పేలింది. ఆ వెనకే ఇల్లు అదిరి, గోడ నెర్రెల్లోంచి మట్టి రాలింది. ఫోన్ కట్టయింది.

శోభారాణి వేలు గాలిలోనే ఆగిపోయింది. గని పక్కన కాంట్రాక్టరు కూలీల రేకుల షెడ్లున్నాయి. ఎక్కడెక్కడి రాష్ట్రాలవాళ్లో ఉంటారు, ఊరివాళ్లెవరూ అటు పోరు. పొద్దున తలెత్తకుండా మాట్లాడిన మనిషి గుర్తొచ్చాడు. ఈ ముసలితల్లికి ఇదెలా చెప్పాలా అనుకుంది. మెల్లగా తల తిప్పి చూసింది.

సత్తమ్మ గోడకు కొట్టిన చెక్క అర ముందు నిలబడి ఉంది. పడిపోకుండా గిన్నెలను రెండు చేతులతో అదిమి పట్టుకుంది. సైరన్ కూయగానే లేచినట్టుంది. ముఖంలో ఆశ్చర్యమన్నదే లేదు.

"అవ్వా, నీకు ఎరుకేనా?"

సత్తమ్మ గిన్నెలు ఒక్కొక్కటిగా సర్దింది. "వాడంతల వాడు వచ్చి చెప్పేదాక మస్కట్‌లనే ఉండనియ్యి బిడ్డా," అంది. ఫోన్ తీసుకుని, కొంగుతో తుడిచి, మళ్లీ గూట్లో పెట్టింది.

"అందుకే నేనెప్పుడు గీ యాళ్లకు చెయ్య. వాడు సిగ్గుపడ్తడు."