మూలన పడ్డ చుక్క

ప్రొఫెసర్ ఓగ్న్యాన్ దస్కలొవ్ తెర వైపు చూసి ముఖం చిట్లించాడు.

"ఇదేంటమ్మాయ్, దోమను కొట్టిన మరకా?"

తెర నిండా చుక్కలు. అడ్డంగా యాభై నుంచి తొంభై దాకా వయసు, నిలువుగా గుర్తున్న మాటల లెక్క. ఒక్కో చుక్క ఒక్కో మనిషి. ప్లొవ్‌దివ్ ఊరివాళ్లతో పాటు ప్రయోగశాల సిబ్బందిలో యాభై దాటినవాళ్లు కూడా జ్ఞాపకశక్తి పరీక్షకు కూర్చున్నారు. వయసు పెరిగేకొద్దీ చుక్కలు మెల్లగా కిందికి దిగుతున్నాయి. ఒక్కటి మాత్రం ఆ బారుకు దూరంగా, ఎడమవైపు అట్టడుగున పడి ఉంది. ఎవరి చుక్క ఏదో రాసిన జాబితా సహాయకురాలు రదోస్తీనా దగ్గరే ఉంది.

"యాభై దాటిన మనిషికి ఎనభై ఏళ్ల తాత కంటే తక్కువ గుర్తుందా? రకియా పట్టించి వచ్చాడా ఏంటి?"

"తాగలేదండీ. రెండోసారి కూడా పరీక్షించాం. అంతే వచ్చింది."

"అయితే పరీక్ష పెట్టినదాని బుర్రే ఖాళీ! నీకు లెక్కలు నేర్పిన బడికి తాళం వెయ్యాలి."

కిటికీ దగ్గర డాక్టర్ యావొర్ నిలబడి ఉన్నాడు. ప్రొఫెసర్ ఎవరిని వెక్కిరించినా ముందు నవ్వేది అతనే. ఇవాళ బూట్ల వంక చూసుకుంటున్నాడు.

"రేపు సోఫియాలో జరిగే సభలో దీన్ని నా పేరు మీద చూపించాలి. ఈ దరిద్రపు చుక్క వల్ల గీత వంకరపోయింది. తీసెయ్."

"తియ్యను."

ఆ గదిలో ఆయనకు ఎదురు చెప్పినవాళ్లు ఇంతవరకూ లేరు.

"నీ ఉద్యోగం తీసేస్తా!"

"తీసెయ్యండి. చుక్కను చెరిపితే ఆ మనిషిని ఇంకెవరూ పట్టించుకోరు. వెంటనే వైద్యం మొదలుపెట్టాలి."

"ఓహో, జాలి!" ప్రొఫెసర్ పెదవి విరిచాడు. "ఆ మట్టిబుర్రకు వైద్యం కూడానా? మేకలు కాసుకోవడానికి కూడా పనికిరాడు. పేరు చెప్పు. వాడి మొహం మీదే అడుగుతాను, సిగ్గు లేదా అని."

రదోస్తీనా కళ్లలో నీళ్లు తిరిగాయి. కుర్చీ లాగి ఆయన పక్కన వేసింది.

"కూర్చోండి ప్రొఫెసర్ గారూ... ఆ చుక్క మీదేనని నిన్న చెప్పాను, మొన్న కూడా చెప్పాను."